పొగ రాని డబ్బా

2 ఫిబ్రవరి 2025, ఆదివారం

ముట్టుకోవద్దనే చెప్పాను. ఇవాళ్టికి ఇంతకన్నా రాయలేను.

3 ఫిబ్రవరి, సోమవారం

ఏడేళ్లుగా బీమా ఆఫీసులో క్లెయిమ్ కాగితాలు చదువుతున్నాను. ప్రమాదం ఎలా జరిగిందో రాయమంటే జనం ఎన్ని మెలికలు తిప్పుతారో నాకు బాగా తెలుసు. అందుకే నా సంగతి నేనే వరుసగా రాసి పెట్టుకుంటాను. రాస్తే మనసు కుదుటపడుతుంది.

స్థలం: పాతబస్తీలో జహనుమా వెనక మూతపడిన బిస్కెట్ ఫ్యాక్టరీ ఆవరణ. భరద్వాజ్ దాన్ని అద్దెకు తీసుకుని నెలలో మొదటి ఆదివారం ఎయిర్‌సాఫ్ట్ ఆడిస్తాడు. రెండు జట్లు, ఉత్తుత్తి తుపాకులు, ప్లాస్టిక్ గుళ్లు, కళ్లకి అద్దాలు, మొహానికి ముసుగు. ముప్పై ఏళ్ల గాడిదలు దొంగా పోలీసూ ఆడుకోవడం అంటుంది అమ్మ. ఎదుటి జట్టుకి కనపడకుండా పరిగెత్తడానికి మధ్యలో రంగు పొగ డబ్బాలు వాడతారు. తీగ లాగి నేల మీద దొర్లిస్తే నిమిషంన్నర పొగ వస్తుంది. నేను ఆడను. నాది మార్షల్ పని. అంటే ఈల నాది, ఎర్రజెండా నాది, చివరి మాట నాది.

పొగ డబ్బాల దగ్గర నేనెంత చండశాసనురాలినో అందరికీ తెలుసు. లైసెన్సున్న దుకాణంలో కొన్నవి తప్ప, ఎవరో మందు కూరి ఇచ్చినవి గేటు దాటనివ్వను. తోలు గ్లౌజు లేనివాడి చేతికి డబ్బా ఇవ్వను. మనిషి మీదికి విసిరినవాణ్ణి ఆ రోజుకి ఇంటికి పంపేస్తాను. ఎండుగడ్డి ఉన్న మూల వైపు అసలు వద్దు. పక్క ఇంట్లో నాగమణమ్మ గారికి ఆయాసం కాబట్టి ఆట మొదలయ్యే ముందు వెళ్లి కిటికీలు వేసుకోమని నేనే చెప్పి వస్తాను. ఇక తీగ లాగాక పొగ రాని డబ్బా ఉంటే ఆట అక్కడికక్కడే ఆగాలి. అరగంట దాకా ఎవరూ దాని దగ్గరికి పోకూడదు. ఆ తర్వాత మార్షల్ ఒక్కరే పొడుగు పటకారుతో తీసి నీళ్ల బకెట్లో ముంచాలి.

నిన్న సాయంత్రం ఆఖరి రౌండులో ఒక డబ్బాకి పొగ రాలేదు. ఈల వేశాను, జెండా ఎత్తాను. స్వీటీ దానికి అందరికన్నా దగ్గరగా ఉంది. మూడు నిమిషాలయ్యాక స్వీటీ వెళ్లి దాన్ని తీసింది. తీయగానే భగ్గుమంది. కుడి అరచెయ్యి, రెండు వేళ్లు కాలాయి. ఇరవై నిమిషాలు కుళాయి కింద పెట్టించి ఆస్పత్రికి తీసుకెళ్లాం. చేతికి గ్లౌజు లేదు. ఎందుకు తీసేసిందో నాకు తెలియదు.

ముట్టుకోవద్దని అరిచాను.

4 ఫిబ్రవరి, మంగళవారం

స్వీటీ ఇంటికి వెళ్లలేదు. మార్చి దగ్గరపడుతోంది, ఆఫీసులో ఊపిరాడని పని. మా గల్లీ చివరి ఇల్లే. అయినా కుదరలేదు.

5 ఫిబ్రవరి, బుధవారం

భరద్వాజ్ ఫోన్ చేశాడు.

"హరీ, ఒక్క మాట సాఫ్ చెప్పు. స్వీటీని అడిగిన. నువ్వే తియ్యమన్నవంటుంది. అన్నవా?"

"లేదు" అన్నాను. ఆ మాట ఎంత తొందరగా వచ్చిందంటే, అతను ప్రశ్న పూర్తి చేశాడో లేదో కూడా గుర్తు లేదు.

"మరి గామె గట్లెందుకు చెప్తుంది?"

"నొప్పి మీద ఉన్నది గదా భరద్వాజ్. పాపం."

పాపం అన్నాను. ఆ మాట కూడా నేనే అన్నాను.

సాయంత్రానికి ఆటగాళ్ల గ్రూపులో పెట్టేశాడు. మార్షల్ మాట కాదని పొగ రాని డబ్బాను ముట్టుకున్నందుకూ, తప్పు మార్షల్ మీదకు నెట్టినందుకూ స్వీటీకి ఆరు నెలలు గ్రౌండులోకి ప్రవేశం లేదు. కింద ముప్పై బొటనవేళ్లు. ఎవరో "అబద్ధాల కండక్టరమ్మ" అని రాసి నవ్వే బొమ్మలు పెట్టారు. స్వీటీ ఆర్టీసీలో కండక్టర్. దాన్ని అలా పిలిచినవాడు దాని బస్సు ఎక్కి చూడాలి, తెలుస్తుంది.

నేను బొటనవేలు పెట్టలేదు. తీసెయ్యమనీ అనలేదు.

6 ఫిబ్రవరి

స్వీటీ ఫోన్ ఎత్తడం లేదు.

7 ఫిబ్రవరి

అరిచాను. గట్టిగానే అరిచాను.

9 ఫిబ్రవరి, ఆదివారం

కమలాపళ్లు పట్టుకుని వెళ్లాను. తలుపు తీసింది చంద్రమ్మత్త, స్వీటీ వాళ్ల అమ్మ. చిన్నప్పటి నుంచి నన్ను "బిడ్డా" అనే మనిషి ఇవాళ ఏమీ అనకుండా పక్కకి జరిగింది. స్వీటీ మంచం మీద కూర్చుని ఎడమ చేత్తో అన్నం తింటోంది. కుడి చెయ్యి మణికట్టు దాకా తెల్ల కట్టు. నన్ను చూసి ముద్ద ఆపలేదు.

"ఒక్కటే అడుగుత హరీ. తియ్యమన్నవా, లేదా?"

"ఆ లొల్లిల నీకేమినపడ్డదో ఏమో స్వీటీ..."

"నా చెవులు మంచిగనే ఉన్నయ్. రోజూ నిండు బస్సుల ఎవరు ఏ స్టాప్ అన్నరో ఇని టికెట్ కొడ్త. నీ గొంతు ఇనపడదా నాకు?"

నేను కమలాపళ్లు బల్ల మీద పెట్టాను. ఒకటి దొర్లి కింద పడింది. దాన్ని తీసి మళ్లీ పెట్టాను. ఏదో ఒకటి చెయ్యాలి కదా చేతులతో.

"చెయ్యి మంచిగైతదన్నడు డాక్టర్" అంది స్వీటీ. "రెండు నెలలు సెలవు పెట్టిన. దాని ఫికర్ లేదు. గ్రూపుల నన్ను అబద్ధాలకోరన్నరు. డిపోల కూడ తెలిసింది. అది ఏ మందుతోని మానుతది, చెప్పు?"

చంద్రమ్మత్త పళ్లన్నీ తిరిగి సంచీలో వేసి నా చేతికిచ్చింది.

10 ఫిబ్రవరి

ముప్పై మంది ఉన్నారు అక్కడ. నేను వద్దనడం ఎవరో ఒకరు వినే ఉంటారు. అడుగుతాను.

12 ఫిబ్రవరి

అడగలేదు.

16 ఫిబ్రవరి, ఆదివారం

అమ్మ చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తోంది. నేను ఎదురుగా కూర్చుని మళ్లీ మొదలుపెట్టాను. వద్దన్నా తీసిందమ్మా, నా మాట వినలేదమ్మా అని. ఈ రెండు వారాల్లో ఇది నాలుగోసారో ఐదోసారో.

అమ్మ తలెత్తకుండానే అంది: "నీ మాట కాదని స్వీటీ ఎప్పుడైనా ఏవైనా చేసిందిటే?"

"అంటే?"

"అంటే ఏవుందీ. దీపావళి మర్నాడు పొద్దున్నే గల్లీలో పేలని టపాకాయలు ఏరేవారు కదా మీరిద్దరూ. నీకు కాలుతుందని భయం. మెట్ల మీద నుంచుని 'అది తియ్యి, ఇది తియ్యి, అది తుస్సే' అని వేలు చూపించేదానివి. ఆ పిల్ల గౌను నిండా ఏరుకొచ్చేది. ఓ ఏడు బొబ్బ కూడా ఎక్కింది దానికి. నువ్వేవో ఆ మందంతా కాగితంలో పోసి వెలిగించి, నేనే చేశా నేనే చేశా అని గల్లీ అంతా గెంతేదానివి."

అమ్మ నవ్వుతూ చెప్పింది. ముచ్చటగా చెప్పింది. ఇంకో చిక్కుడుకాయ తీసుకుంది.

నేను లేచి వచ్చి తలుపు వేసుకున్నాను. ఇప్పుడు ఉన్నది ఉన్నట్టు రాస్తాను.

ఆ రెండో తారీకు సాయంత్రం అయిదున్నర కావస్తోంది. ఆరింటికల్లా గేటు మూసేస్తామని పోలీస్ స్టేషన్లో రాసిచ్చాం. అరగంట ఆగితే ఆఖరి రౌండు పోతుంది. జట్లు రెండూ గోల. "మేడమ్, తుస్సు డబ్బా కోసం ఆట ఆపుతరా?" అని ఎవరో అరిచారు. నేను పది అడుగుల దూరం నుంచి చూశాను. పొగ లేదు, రవ్వ లేదు. నాకు తుస్సు తెలుసనుకున్నాను. పాతబస్తీలో పుట్టి పెరిగిన పిల్లని, ఎన్ని చూశానో, ఏది బతికుందో ఏది చచ్చిందో చూడగానే చెప్పేస్తాననుకున్నాను. జెండా దించేశాను. ఇక డబ్బాలు వద్దు, ఆట సాగించండి అన్నాను. ఆ మాటకే స్వీటీ గ్లౌజులు తీసేసి జేబులో పెట్టుకుంది.

అప్పుడు దానికి చెప్పాను. "తుస్సే అది. తీసి బకెట్ల పడెయ్."

స్వీటీ నా వంక చూసింది. "అరగంట కాలే గదా?" అంది.

"నేను చెప్తున్న గదా" అన్నాను.

అది వంగింది, తీసింది. నేను అరిచిన మాట నిజం. డబ్బా భగ్గుమన్నాక అరిచాను. ముట్టుకోవద్దని అప్పుడు అరిచాను.

నేను పిరికిదాన్ని. అప్పుడూ పిరికిదాన్నే, ఇప్పుడూ పిరికిదాన్నే. పటకారు నా చేతిలోనే ఉంది. అది పట్టుకుని నేను వెళ్లాల్సిన చోటికి స్వీటీని వట్టి చేత్తో పంపించాను. పంపించి, అబద్ధాలకోరు అనిపించాను.

18 ఫిబ్రవరి, మంగళవారం

భరద్వాజ్‌కి చెప్పేశాను. ఫోన్లో కాదు, వాళ్ల షాపుకి వెళ్లి చెప్పాను. అతను వింటూ కౌంటర్ మీద ఉన్న పెన్ను మూత తీశాడు, పెట్టాడు.

"నిన్ను నమ్మి ఈల నీ మెడల ఏసిన గదా హరీ."

"అవును."

"గామెను నేను గ్రూపుల గంత మాటన్న."

"అవును."

ఇంకాసేపయ్యాక మెత్తబడ్డాడు. "సరే, ఒక పని చేస్త. ఎవరికీ చెప్పకు. నెలరోజులైనంక బ్యాన్ మెల్లగ తీసేస్త. ఎందుకయిందో ఎవడూ అడగడు. నీ పేరు గూడ ఖరాబు కాదు."

ఎంత హాయిగా అనిపించిందో. ఇంటికి వచ్చేదాకా హాయిగానే ఉంది. చార్మినార్ దగ్గర ట్రాఫిక్‌లో ఆగినప్పుడు కూడా హాయిగానే ఉంది.

19 ఫిబ్రవరి, బుధవారం

హాయి ఒక్క రాత్రే నిలిచింది. పొద్దున్నే వెళ్లి స్వీటీకి అంతా చెప్పాను. మెల్లగా బ్యాన్ తీసేస్తానన్నాడన్న సంగతి కూడా చెప్పాను.

కొడుతుందనుకున్నాను. తిడుతుందనుకున్నాను. ఏడ్చింది. స్వీటీ ఏడవడం నేను పదో తరగతి తర్వాత చూడలేదు.

"నాకే పిచ్చి లేసిందనుకున్న హరీ. పదిహేను రోజుల సంది నువ్వు చెప్పలేదేమో, నేనే మనసుల అనుకున్ననేమో అని పరేషాన్ అయిన."

కాళ్ల మీద పడాలనిపించింది. పడలేదు. దానికి అలాంటివి నచ్చవు.

మొహం తుడుచుకుని మామూలు గొంతుతో అంది: "భరద్వాజ్ అన్నకు చెప్పు, మెల్లగ గిల్లగ ఏం వద్దు. బ్యాన్ ఉండనియ్యి. పరువు పోయింది అందరి ముంగట. అందరి ముంగటనే రావాలె. గ్రూపుల రాస్తే సగం మంది చదవరు. గ్రౌండ్ల నిలబడి నోటితోని చెప్పాలె నువ్వు. చెప్పినంకనే నేను లోపలికొస్త."

"మార్షల్‌గా నన్ను ఉండనియ్యరు స్వీటీ."

"గది నాకెందుకు?"

నిజమే. అది దానికెందుకు.

2 మార్చి, ఆదివారం

ఇవాళ రంజాన్ మొదటి రోజా. గ్రౌండు చుట్టూ అందరూ ఉపవాసాలున్నవాళ్లే, పొగలూ చప్పుళ్లూ ఏమిటని భరద్వాజ్ పండగ అయ్యేదాకా ఆటలు బంద్ పెట్టాడు. ఏప్రిల్ మొదటి ఆదివారం శ్రీరామనవమి ఊరేగింపు, పోలీసులు మన అర్జీ మొహం కూడా చూడరు. కాబట్టి 13న.

ఆరు వారాలు ఈ మాట నోట్లో పెట్టుకుని తిరగాలి.

11 మార్చి

స్వీటీని డ్రెస్సింగుకి నేను తీసుకెళ్లాను. చంద్రమ్మత్తకి మోకాళ్ల నొప్పి. ఆ కారణం లేకపోతే రానిచ్చేది కాదు. కొత్త చర్మం గులాబీ రంగులో వచ్చింది. స్వీటీ దాన్ని చూసి మొహం తిప్పుకుంది. నేను తిప్పుకోలేదు. చూడటం నా పని అనుకున్నాను.

20 మార్చి

స్వీటీ స్పాంజి బంతి నొక్కుతోంది, రోజుకి వందసార్లు. తొంభై దాకా లెక్కపెట్టి పది దొంగతనం చేస్తుందని చంద్రమ్మత్త ఫిర్యాదు. నాకు చాయ్ ఇచ్చింది ఇవాళ. చక్కెర వెయ్యడం మర్చిపోయింది, లేదా వెయ్యలేదు. మొత్తం తాగాను.

27 మార్చి

చక్కెర వేసింది.

10 ఏప్రిల్, గురువారం

ఆదివారం ఏం చెప్పాలో రాసుకున్నాను. "ఫిబ్రవరి రెండున గ్రౌండులో ఒక పొగ డబ్బా వల్ల ప్రమాదం జరిగింది" అని మొదలైంది. వెలుతురు తగ్గిందని వచ్చింది, ఆటగాళ్లు తొందరపెట్టారని వచ్చింది, పోలీసుల టైమింగు వచ్చింది. నేను వచ్చేసరికి మూడో పేజీ. మా ఆఫీసుకి ఇలాంటివి రోజుకి పది వస్తాయి. అన్నీ ఒకటే కంపు. చింపేశాను.

11 ఏప్రిల్

జ్వరం వచ్చినట్టుంది. ఆదివారం వెళ్లలేనేమో.

12 ఏప్రిల్

జ్వరం లేదు. థర్మామీటర్ పెట్టి చూశాను. రెండుసార్లు.

13 ఏప్రిల్, ఆదివారం

ముప్పై నాలుగు మంది వచ్చారు. భరద్వాజ్ వాళ్లని గేటు దగ్గరే నిలబెట్టాడు. స్వీటీ వస్తుందా అని చూస్తున్నాను. వచ్చింది. గేటు అవతల ఆగిపోయింది.

"రా లోపలికి" అన్నాడు భరద్వాజ్.

"బ్యాన్ ఉన్నది గదన్నా" అంది స్వీటీ. చేతులు కట్టుకుని నిలబడింది.

నేను ఒక సిమెంటు దిమ్మె ఎక్కాను. కాగితం లేదు. చెప్పాను.

"స్వీటీ అబద్ధం చెప్పలే. అబద్ధం చెప్పింది నేను. అరగంట కాలేదని గామె నాతోని అన్నది. నేనే తియ్యమన్న. పటకారు నా చేతిల పెట్టుకొని గామెను ఒట్టి చేతులతోని పంపిన. భరద్వాజ్ అడిగితే లేదన్న. రెండు నెలలు మీరంత ఆమెను తిట్టుకుంటుంటే సప్పుడు చెయ్యకుండ ఉన్న."

అంతే. ఇంతే ఉంది చెప్పడానికి. ఇంత చిన్న మాట కోసం మూడు పేజీలు చింపాను.

గొణుగుడు మొదలైంది. "గింత మోసమా" అని ఒక గొంతు గట్టిగానే వినిపించింది. నిఖిలేష్ అని, ఎప్పుడూ పెద్ద నోరు వేసుకుని ఆడే అబ్బాయి, చెయ్యి ఎత్తాడు. "నేను గూడ ఇన్న మేడమ్, మీరు తియ్యమనుడు. మార్షల్ తోని మనకెందుకు లొల్లి అని చెప్పలే. సారీ స్వీటక్కా." వాడి మీద కోపం రాలేదు. వాడిలో నేను కనపడ్డాను.

నేను ఈల మెడలోంచి తీసి భరద్వాజ్‌కి ఇచ్చాను. అతను వెళ్లి గేటు తీశాడు. స్వీటీ లోపలికి వచ్చింది. ఆ ఈల వైపు చూసింది.

"గది ఆమెకే ఇయ్యుండ్రి అన్నా" అంది.

"ఏందీ?"

"ఇయాల గీ ముప్పై మందిల ఆ డబ్బాలంటే భయమున్న మనిషి ఆమె ఒక్కతే. నేను గూడ మర్చిపోతనేమో, ఆమె మర్చిపోదు. ఇయ్యుండ్రి. ఇంకోసారి తప్పు చేస్తే నేనే గుంజుకుంట."

భరద్వాజ్ ఈల నా చేతిలో పెట్టాడు. మెడలో వెయ్యలేదు. సరే, అదీ న్యాయమే.

మూడో రౌండులో నా కర్మ, ఒక డబ్బాకి పొగ రాలేదు. తీగ లాగారు, దొర్లించారు, ఊరికే పడి ఉంది. ఈల వేశాను. జెండా ఎత్తాను. అందరినీ గోడ వెనక్కి పంపించి ఫోన్లో అరగంట పెట్టాను.

అయిదు నిమిషాలకి సణుగుడు. పది నిమిషాలకి జోకులు. పన్నెండో నిమిషంలో నా కళ్లకి ఆ డబ్బా పూర్తిగా చచ్చిపోయినట్టే కనపడింది. ఇంత జరిగాక కూడా లోపల ఒక గొంతు తుస్సే తుస్సే అంటోంది. నాకే సిగ్గేసింది. జెండా పట్టుకున్న చెయ్యి నొప్పి పుట్టి రెండో చేతికి మార్చుకున్నాను. దించలేదు. స్వీటీ గోడ వెనక నీడలో కూర్చుని నీళ్లు తాగుతోంది. నా వైపు చూడలేదు. నేనేం చేస్తానో తెలిసినట్టే కూర్చుంది.

అరగంట మోగింది. అద్దాలు, ముసుగు, గ్లౌజులు వేసుకుని, పటకారు పట్టుకుని నేనొక్కదాన్నే వెళ్లాను. తీశాను. బకెట్లో ముంచాను. నాలుగు బుడగలు వచ్చాయి. ఇంకేమీ జరగలేదు.

"హాఫ్ అవర్ పూరా వేస్ట్" అన్నాడు వెనకనుంచి ఎవరో.

"వేస్ట్ గాదు భాయ్" అంది స్వీటీ. "పది వేళ్లతోని ఇంటికి పోతున్నవ్."

నవ్వారు. మళ్లీ ఆట మొదలైంది. ఆరింటికి గేటు మూసేశాం.

తిరుగు ప్రయాణంలో స్వీటీ బస్సుకి పోతుందనుకున్నాను. నా స్కూటీ దగ్గరికి వచ్చి నిలబడింది. "మొగల్‌పురాకే గదా?" అంది, నేనెక్కడుంటానో తెలియనట్టు. ఎక్కింది. శంషీర్‌గంజ్ దగ్గర రోడ్డు తవ్వి వదిలేశారు. గుంతలో బండి ఎగిరింది. వెనకనుంచి నా భుజం పట్టుకుంది, కుడి చేత్తో. వేళ్లు అయిదూ గట్టిగా దిగాయి, నొప్పి పుట్టేంత గట్టిగా. నాకు ఏడుపొచ్చింది. హెల్మెట్ ఉంది కాబట్టి ఏడ్చాను.

"మెల్లగ నడుపు" అంది.

రోడ్డు బాగైపోయాక కూడా ఆ చెయ్యి తియ్యలేదు.